కాళ్ళు లేని రోకలిబండలు

అది వంతెన పోయిన వరద ఏడు. అంతకు ముందు వరద పశువుల పాకను తీసుకుపోయి వంతెనను వదిలేసింది, అప్పటికింకా వంతెన కట్టలేదు గనక. ఈ వరద పాకను వదిలేసి, కట్టి మూడు వారాలయిన వంతెనను తీసుకుపోయింది. ఈతలొద్దిలో ఏళ్ళను ఇలాగే గుర్తు పెట్టుకుంటారు. కాలెండరు ఒకటి ఉండేది గానీ, అది కూడా ఆ వరదలోనే పోయింది.

వాగు తగ్గాక పట్నం నుంచి ఒకావిడ వచ్చింది. మెడలో భూతద్దం, సంచిలో బుడ్డి సీసాలు. పురుగుల చదువు చదివిందట. ఊరు ఆవిడకి పురుగులమ్మ అని పేరు పెట్టేసింది. కొండ మీద తిప్పడానికి ఎవరినైనా తోడివ్వమంటే పల్లాల తమ్మిరెడ్డిని ఇచ్చారు. అతనయితే మాట్లాడి ఆవిడ పని చెడగొట్టడని.

తమ్మిరెడ్డి మాటలు తక్కువ మనిషి. ఊళ్ళో ఇల్లు తగలబడుతుంటే "పొగ" అని ఊరుకున్నాడొకసారి. మూడు తరగతులు చదివాడు. నాలుగో తరగతిలో నిలబడి పాఠం అప్పజెప్పాలని తెలిసి మానేశాడు.

ఊరి వెనక పందిచాలు అనే వాలు ఉంది. అక్కడ వెదురు గుబురుగా పెరుగుతుంది. రాలిన ఆకు మోకాలి లోతున మాగి, కింద ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆవిడ ఆ ఆకును పుల్లతో కదిపి అలాగే కూర్చుండిపోయింది. ఆకు అడుగున ఒక పురుగు. నల్లటి ఒళ్ళు. కణుపు కణుపుకీ ఎర్రటి అంచు. కిందంతా పసుపుపచ్చ కాళ్ళు, నారుమడి మీద గాలి పోయినట్టు కదులుతున్నాయి. పుల్ల తగలగానే గాజులా చుట్టుకుంది. మామిడి జీడి వాసన వేసింది.

"తాతగారూ, దీన్ని మీరేమంటారు?" అంది పురుగులమ్మ.

తమ్మిరెడ్డి కాసేపు ఆలోచించాడు.

"రోకలిబండ," అన్నాడు.

ఆవిడ రాసుకుంది. ఆ రోజు మొత్తానికి అతను అన్నది ఆ ఒక్క మాటే.

అందులో అబద్ధం లేదు. పాకేదాన్నీ రోకలిబండే అంటారు, దంచేదాన్నీ రోకలిబండే అంటారు. తాతల నాటి నుంచీ ఈతలొద్దిలో ఎవరూ ఒకదాన్ని పట్టుకుని రెండోది అనుకున్నది లేదు. రోట్లో పురుగును వేసినవాళ్ళు లేరు, రోకలిని చూసి గంతేసినవాళ్ళూ లేరు.

ఈ రంగు పురుగు ఈ ఒక్క వాలు మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని పురుగులమ్మ చెప్పింది. కుళ్ళిన ఆకు తిని మన్ను చేస్తుందంది. ఆ సంగతి తమ్మిరెడ్డికి తెలుసు. పందిచాలు దిగువన అతని పోడు ఉంది. ఎరువు వేయకుండానే అందులో సామలు బారుగా పండుతాయి. తెలుసునని మాత్రం చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ రాసిన కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి రెండేళ్ళు నడిచింది. మూడో ఏడు భాద్రపదంలో, ఉత్తర్వుగా మారి, అపురూప ప్రాణి సంరక్షణ విభాగం రేంజరు భుజంగరావు గారి చేతిలో ఈతలొద్దికి వచ్చింది.

భుజంగరావు గారు మెట్ట ప్రాంతం వారు. వారి వైపు ఆ పురుగును రైలుపురుగు అంటారు. రోకలిబండ అంటే వారికి వాళ్ళమ్మగారి వంటింట్లో మూల నిలబెట్టి ఉండేది ఒక్కటే తెలుసు. తెలిసిన దాన్ని తెలియదనుకోవడం వారి అలవాటు కాదు.

ఊరి నడుమ జీపు ఆపి, పైకెక్కి చదివారు.

"ఈతలొద్ది గ్రామ పరిసరములందు మాత్రమే మనుగడ సాగించుచున్న రోకలిబండ అను అపురూప ప్రాణి అంతరించు దశలో నున్నందున, యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సదరు రోకలిబండను ఎవరును పట్టరాదు, ఎత్తరాదు, హింసించరాదు, గృహములందు నిర్బంధించరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు."

సరిగ్గా అప్పుడే తమ్మిరెడ్డి పెళ్ళాం కన్నమ్మి, తోడికోడలు ముత్తెమ్మ, వాకిట్లో మామిడి టెంకల పప్పు దంచుతున్నారు. ఇద్దరి రోకళ్ళూ గాల్లో ఉన్నాయి.

"ఆపండి!" అని అరిచారు రేంజరు గారు. "ఎత్తరాదని ఇప్పుడే కదా చదివాను!"

కన్నమ్మి రోకలి అలాగే పట్టుకుని నిలబడింది. "ఎత్తేసినాం కదా బాబూ. దించొద్దా మరి?"

"దించితే దెబ్బ తగులుతుంది. మెల్లిగా పడుకోబెట్టు. తల అటు, తల అటు."

"తల ఎటుంటాదండీ దీనికి?" అంది ముత్తెమ్మ.

"పొన్ను ఉన్న వైపు."

ముత్తెమ్మ తన రోకలి చివర ఇనప పొన్ను వైపు చూసుకుంది. ముప్పై ఏళ్ళుగా దాని తలను రోటికేసి కొడుతున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.

రేంజరు గారితో వచ్చిన గార్డు సూరిబాబు అక్కడివాడే. చెవి దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఇది వస్తువండి. ఆ కాగితంలోది పురుగండి. కొండ మీద ఉంటాది," అన్నాడు.

భుజంగరావు గారు న్యాయమైన మనిషి. అనుమానం వచ్చింది గనక పై కార్యాలయానికి రాసి అడిగారు, రోకలిబండ ప్రాణియా, వస్తువా అని. నాలుగో రోజున మనిషి చేత జవాబు వచ్చింది. "ఉత్తర్వునందు ప్రాణి అని పేర్కొనబడినది గనుక ప్రాణియే. ఇట్టి సందేహములు పునరావృతము కారాదు."

సూరిబాబు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ జవాబు తర్వాత అతనికి సందేహాలు పునరావృతం కాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈతలొద్దిలో సామలు కోసి గాదెలో పోసినా కొత్తల పండగ దాకా నోట పెట్టరు. పండగ రోజున ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి రోకలితో మొదటి కుంచెడు దంచి, కొండదేవతకు పెట్టి, అప్పుడు తింటారు. పక్కింటి నుంచి ఎరువు తెచ్చిన రోకలి పనికిరాదు. కొండదేవత ఒప్పుకోదు. పాత గింజలు ఆషాఢంలోనే అయిపోయాయి. అప్పట్నుంచీ ఊరు టెంకల అంబలి మీద ఉంది. ఆ అంబలి కన్నమ్మికి ఇమడటం లేదు. తాగింది తాగినట్టు బయటికి వస్తోంది. చేతి కడియం మోచేతి దాకా జారుతోంది. పండగ ఇంకా నెల రోజులుంది.

"ఏడాదికో మాటంటావు. అది కూడా ఊరి మీదికి తెస్తావు," అంది కన్నమ్మి మొగుడితో. "నువ్వా యేల ఆయమ్మకి దాని పేరు సెప్పకపోతే ఏవయ్యేది?"

తమ్మిరెడ్డి మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో చూశాడు గదా.

తర్వాత జనగణన జరిగింది. మనుషులది కాదు. రోకలిబండలది. పై నుంచి అచ్చువేసిన పత్రాలు వచ్చాయి. అవి పురుగులమ్మ కాగితాన్ని బట్టి తయారు చేసినవి. సూరిబాబు ఇంటింటికీ తిరిగి చదివాడు, రేంజరు గారు జవాబులు రాయించారు.

"వర్ణము?"

"నలుపండి. పొగ చూరింది."

"నలుపు. సరిపోయింది," అన్నారు రేంజరు గారు సంతోషంగా. "ఎరుపు అంచు?"

"పోయినేడు కారం దంచినామండి," అంది ముత్తెమ్మ.

"ఎరుపు కలదు. స్పర్శించినచో చుట్టుకొనునా?"

సూరిబాబు రోకలిని వేలితో తాకాడు. అందరూ చూశారు.

"లేదండి."

"మచ్చిక అయినది అని రాయి. ఆహారము?"

"సామలండి. ఉంటే."

"కాళ్ళ సంఖ్య?"

సూరిబాబు రోకలిని తిప్పి చూశాడు. రేంజరు గారూ వంగి చూశారు. ఊరంతా మర్యాదగా వేరే వైపు చూసింది.

"సున్న అండి," అన్నాడు సూరిబాబు.

అలా నలభై ఒక్క ఇళ్ళలో నలభై ఒక్క రోకలిబండలు తేలాయి. కాళ్ళ సంఖ్య నలభై ఒక్క సున్నలు. ఆ పత్రాలు పైకి వెళ్ళగానే కార్యాలయంలో గగ్గోలు పుట్టింది. పురుగులమ్మ లెక్క ప్రకారం ఒక్కోదానికి అరవైకి పైగా కాళ్ళుండాలి. రెండేళ్ళలో జాతి మొత్తం కాళ్ళు పోగొట్టుకుంది. గ్రామస్తుల నిర్బంధంలో, చీకటి మూలల్లో నిలబెట్టి ఉంచడం వల్ల ఈ వైకల్యం సంభవించిందని సంచాలకుల వారు అభిప్రాయపడ్డారు. తక్షణమే వాటిని సహజ ఆవాసానికి తరలించాలని ఆజ్ఞ ఇచ్చారు.

సహజ ఆవాసం ఏదో కాగితంలోనే ఉంది. పందిచాలు, వెదురు గుబురు కింద.

భుజంగరావు గారు వెళ్ళి చూసి ముక్కు మూసుకున్నారు. "ఇంత చెత్తలోనా ఉండేవి? పాపం. అందుకే జనం ఇళ్ళల్లోకి వచ్చేశాయి." చెత్త ఎత్తించారు. మోకాలి లోతు ఆకునంతా గీకించి, కుప్పలు పోయించి, తగలబెట్టించారు. నీడ వల్ల చెమ్మ, చెమ్మ వల్ల చెద అని వెదురు కొట్టించారు. వాలును చదును చేయించి సిమెంటు పోయించారు. పైన రేకులు, చుట్టూ ముళ్ళ కంచె. లోపల వరసగా నలభై ఒక్క గడులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు.

రోకళ్ళను జీపులో తీసుకెళ్ళారు. కింద గడ్డి పరిచారు, ప్రయాణంలో దెబ్బ తగలకుండా. కన్నమ్మిది పదిహేడో నంబరు గడిలో పడుకుంది.

ఆకు పోయాక ఆ వాలు మీదివి ఎక్కడికి పోవాలో తెలియక సిమెంటు మీదికి వచ్చాయి. నలుపూ ఎరుపూ పసుపూ. తెల్లటి గచ్చు మీద ముగ్గు వేసినట్టున్నాయి. రేంజరు గారు వాటిని చూసి కంగారు పడ్డారు.

"సూరిబాబూ, ఇవేమిటి? రైలుపురుగులు! రోకలిబండల మీదికి పాకుతున్నాయి. కొరికేస్తాయి. మందు కొట్టించు."

సూరిబాబు నోరు తెరిచాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. మూశాడు. తెల్ల పొడి బస్తాలు వచ్చాయి. ఆవాసం నలుమూలలా చల్లారు.

తమ్మిరెడ్డి కంచె బయట నిలబడి చూశాడు. పొడి మీద ఎర్రటి చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోకుండానే చుట్టుకుని ఉన్నాయి.

అతను ఇంటికి వచ్చి గొడ్డలి తీసుకుని ఒక చండ్ర కొమ్మ దగ్గర కాసేపు నిలబడ్డాడు. కొత్త రోకలి చెక్కుదామని. వెనకే సూరిబాబు వచ్చాడు.

"ఒద్దు తాతా. ఆవాసం గేటు బోర్డు మీద పదకొండో నిబంధన ఉంది. రోకలిబండ పుట్టాలంటే ముందుగా అనుమతి కావాల. నువ్వు సెక్కితే పుట్టినట్టే. దొరికావంటే అక్రమ సంతానం అంటారు."

తమ్మిరెడ్డి గొడ్డలి దించాడు.

ఇంతలో పురుగులమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, సంరక్షణ ఎలా సాగుతోందో ఒక ఫొటో పంపమని. రేంజరు గారు పదిహేడో నంబరును నీడలో పడుకోబెట్టి ఫొటో తీయించి పంపారు. జవాబు వెంటనే వచ్చింది. "అయ్యా, ఇది వడ్లు దంచే రోకలి." భుజంగరావు గారు దాన్ని ఫైల్లో పెట్టి, పక్కన ఎర్ర సిరాతో రాశారు. "శాస్త్రజ్ఞుల మధ్య అభిప్రాయభేదములు సహజము."

ఆవాసం ప్రారంభోత్సవం పండగ ముందు రోజున పెట్టారు. సంచాలకుల వారే వచ్చారు. వాగు దగ్గర జీపులు ఆపి, వానకు నీరు పెరిగింది, వంతెన లేదు గనక, నలుగురు మోసిన కుర్చీలో దాటారు. రిబ్బను కత్తిరించి, గడి గడి దగ్గరా ఆగి, ఒక్కొక్కదాన్నీ కళ్ళారా చూశారు. ఎంత ప్రశాంతంగా ఉన్నాయి అన్నారు. ఒక్కటీ పారిపోవడానికి ప్రయత్నించకపోవడం సంరక్షణకు గీటురాయి అన్నారు. మందు చల్లిన రోజు నుంచీ ఒక్క ప్రాణనష్టం కూడా జరగనందుకు రేంజరు గారికి శాలువా కప్పారు.

"స్థానికుల తరఫున ఎవరైనా రెండు మాటలు మాట్లాడాలి," అన్నారు సంచాలకుల వారు. "అసలీ ప్రాణిని ప్రపంచానికి పరిచయం చేసిన పెద్దమనిషి ఉన్నాడట?"

తమ్మిరెడ్డిని వేదిక ఎక్కించారు. కింద కన్నమ్మి ముత్తెమ్మ భుజం పట్టుకుని నిలబడి ఉంది. నిలబడటానికి భుజం కావలసి వస్తోంది. ఆమెను చూసి తమ్మిరెడ్డి మైకు దగ్గరికి వంగాడు.

"అయి రోకళ్ళండి," అన్నాడు.

సంచాలకుల వారి కనుబొమలు పైకి లేచాయి. రేంజరు గారి చెంప మీద చెమట దిగింది.

"అద్భుతం!" అన్నారు సంచాలకుల వారు. "విన్నారా? రోకళ్ళు! అంటే లేత దశలో రోకలి, ముదిరాక రోకలిబండ. ఇది ఏ గ్రంథంలోనూ లేదు. భుజంగరావు గారూ, పత్రంలో వయసు అనే గడి పెంచండి." చప్పట్లు కొట్టారు. తమ్మిరెడ్డికీ శాలువా కప్పారు. అది ఉన్నిది.

ఆ సాయంత్రం కన్నమ్మి అంబలి ముంత పక్కకు నెట్టేసింది.

"రేపు కొత్తలు," అంది. "గాదెలో గింజలుండి, రోకలి జైల్లో ఉండటం నేనెప్పుడూ ఇన్లేదు." మొగుడి శాలువా వైపు చూసి, "అంత పెద్ద దొర ముందు నిజం సెప్పావు. ఏటి లాబం? దొరలకి నిజం సెప్తే సదువనుకుంటారు," అంది.

తమ్మిరెడ్డి శాలువా తీసి ఆమెకు కప్పాడు. ఆవాసం గేటుకు వేలాడదీసిన నిబంధనల బోర్డు గుర్తు తెచ్చుకున్నాడు. మూడు తరగతుల చదువుతో దాన్ని చదవడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. పద్నాలుగో నిబంధన దగ్గర మాత్రం రెండుసార్లు ఆగాడు.

మర్నాడు పొద్దెక్కుతుండగా అతను తలకు తుండు చుట్టుకుని ఆవాసం గేటు దగ్గరికి వెళ్ళాడు. సూరిబాబు రిజిస్టరు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. రేంజరు గారు గుడారం బయట పళ్ళు తోముకుంటున్నారు.

"ఏటి తాతా?"

"మాది సచ్చిపోయింది," అన్నాడు తమ్మిరెడ్డి.

సూరిబాబు అతని మొహం చూశాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు. "ఏ నంబరు?"

"పదేడు."

రేంజరు గారు నోట్లో నురగతోనే పరిగెత్తుకొచ్చారు. పదిహేడో గడి దగ్గర అందరూ వంగి చూశారు. రేంజరు గారు చిటికె వేశారు. కదల్లేదు. వేలితో పొడిచారు. కదల్లేదు.

"ఒళ్ళు చల్లగా ఉందండి," అన్నాడు సూరిబాబు, చెయ్యి వేసి.

"నిన్న బాగానే ఉందే!"

"నిన్నా ఇట్టాగే ఉందండి. మనకే తెలీలేదు."

"కారణం?" అన్నారు రేంజరు గారు తమ్మిరెడ్డితో.

"ఆకలి."

రేంజరు గారు పత్రం తిరగేశారు. ఆహారము, సామలు, అని వారు రాయించిందే ఉంది. తరలించినప్పట్నుంచీ ఎవరూ గింజ వేయలేదు. వారి మొహం పాలిపోయింది. సూరిబాబు బోర్డు వైపు తిరిగి పద్నాలుగో నిబంధన పైకి చదివాడు. "మృత ప్రాణిని ఆవాసమునందు ఉంచినచో ఇతర ప్రాణులకు వ్యాధి సోకు ప్రమాదము గలదు. తక్షణమే సంబంధీకులకు అప్పగించి అంత్యక్రియలు జరిపించవలెను."

తమ్మిరెడ్డి రోకలిని భుజాన వేసుకున్నాడు.

అతను వెనక్కి తిరిగేసరికి కంచె దగ్గర ముత్తెమ్మ నిలబడి ఉంది. "మాదానికీ ఊపిరాడతన్లేదు బాబూ, ఓపాలి సూడండి," అంది. ఆమె వెనక మిగతా ఊరు.

రేంజరు గారు తల పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించారు. ఒకటి చస్తే అది తమ నిర్లక్ష్యం. అన్నీ చస్తే అంటువ్యాధి. అంటువ్యాధులకు వేరే విభాగం ఉంది. వారు తేరుకుని కలం తీశారు. ఒకటి ఆకలితోనూ, నలభై బెంగతోనూ మరణించినట్లు రాసి సంతకం పెట్టారు.

"ఏడుస్తూ తీసుకెళ్ళండి," అన్నారు. "పైవాళ్ళు అడిగితే చెప్పాలి."

"ఏడవండే," అంది ముత్తెమ్మ ఆడవాళ్ళతో. "ఏడవకపోతే ఇవ్వరంట."

నలభై ఒక్క రోకళ్ళు భుజాల మీద ఊళ్ళోకి దిగాయి. వాగు అవతలి ఊరివాళ్ళు ఆ ఏడుపు విని, పెద్దెవరో పోయారనుకుని, పని మానుకుని వచ్చారు. వచ్చేసరికి ప్రతి వాకిట్లోనూ దంపుడు చప్పుడు. వచ్చినందుకు వాళ్ళకీ కొత్తలు పెట్టారు.

కన్నమ్మికి రోకలి ఎత్తే ఓపిక లేదు. చెయ్యి ఆనించింది. తమ్మిరెడ్డి ఎత్తి దంచాడు. కొండదేవతకు పెట్టాక ఆమె సామల జావ మూడు గుక్కలు తాగి, ఆగి, కడుపు మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. అది లోపలే ఉంది. ముంత మళ్ళీ ముందుకు జరిపింది.

అప్పుడు తమ్మిరెడ్డి చెరిగిన ఊకను గంపలో పోసుకుని పందిచాలు వైపు వెళ్ళాడు. కంచె అవతల, పొడి పడని చోట, కుళ్ళిన మొద్దు ఒకటి మిగిలింది. దాని కింద ఊక పోసి, చుట్టుపక్కల ఆకు చేత్తో పోగుచేసి కప్పుతుంటే, ఒకటి బయటికి వచ్చింది. నల్లటి ఒళ్ళు, ఎర్రటి అంచు. అతని వేలి మీద నుంచి అవతలికి నడిచింది.

వెనక బూట్ల చప్పుడయింది. సామాను సర్దించి దిగిపోతూ రేంజరు గారు ఆగారు.

"అరె, ఇదింకోటి బతికుందే! కాదు, ఆగు." వంగి చూశారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఎంత అందంగా ఉంది! మందు కొట్టినా చావలేదంటే ఇది రైలుపురుగు కాదు. అపురూప ప్రాణే అయి ఉంటుంది." కొత్త పత్రం తీసి, మొదటి గడి మీద కలం పెట్టారు. "దీన్ని మీరేమంటారు, తమ్మిరెడ్డీ?"

తమ్మిరెడ్డి కాసేపు ఆలోచించాడు.

"పేరు లేదండి," అన్నాడు.

రేంజరు గారు చాలాసేపు ఆ గడి వైపు చూశారు. పేరు లేనిదాన్ని నింపడానికి అందులో వీలు లేదు. పత్రం మడిచి జేబులో పెట్టుకుని కొండ దిగిపోయారు.

తమ్మిరెడ్డి ఇంకో చేరెడు ఆకు తెచ్చి దాని మీద కప్పి, ఇంటికి వెళ్ళి కన్నమ్మి పక్కన కూర్చుని కొత్తలు తిన్నాడు.